నేను చూసుకుంట

హాజరు తక్కువైన వాళ్ల జాబితా నోటీసు బోర్డుకు అంటించిన రోజు నేను చూడలేదు. బోర్డు చూసే అలవాటు పోయి పదేళ్లు దాటింది. మంచి వార్త అందులో ఎలాగూ ఉండదు, చెడ్డ వార్త దానంతట అదే నడుచుకుంటూ మన టేబుల్ దగ్గరికి వస్తుంది. ఆ రోజు అది మా ఆఫీసు క్లర్కు బాలకృష్ణ రూపంలో, చేతిలో టీ గ్లాసుతో వచ్చింది.

"అబ్రహాం సార్, మీ చెంచు పిల్లకు హాల్ టికెట్ రాదు," అన్నాడు. "హాజరు యాభై రెండే ఉన్నది. డెబ్బై ఐదు లేకపోతే డిటెయినే, తెల్సు కద."

"ఏ పిల్ల?" అన్నాను, తెలిసే.

"ఇంకే పిల్ల సార్? మనకున్నది ఒక్కతే కద. బాణం పిల్ల."

ఆ పిల్ల పేరు ఈదమ్మ. పంతొమ్మిదేళ్ల పిల్లకు నాయనమ్మల నాటి పేరు. మన్ననూర్ దాటి నల్లమల లోపలికి పోతే ఒక చెంచు పెంట ఉంది. వాళ్ల గూడేలను పెంటలంటారు. ఆ పెంట నుంచి నాగర్‌కర్నూల్‌లోని మా కాలేజీ దాకా వచ్చిన మొదటి మనిషి ఈదమ్మ. బీఎస్సీ మూడో సంవత్సరం, బాటనీ గ్రూపు. ఈ పరీక్షలు రాయలేకపోతే ఏడాది పోతుంది. ఏడాదితో పాటు హాస్టల్ సీటు పోతుంది. సీటు పోతే ఆ పిల్ల మళ్లీ నాగర్‌కర్నూల్ బస్సు ఎక్కదు. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలా ఆగిపోయి మళ్లీ తిరిగి వచ్చిన పిల్లలను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టగలను, ఇంకా రెండు వేళ్లు మిగులుతాయి.

నా సంగతి కూడా చెప్పాలి. పొలిటికల్ సైన్సు చెప్తాను, కాంట్రాక్టు మీద. పద్దెనిమిదేళ్లుగా కాంట్రాక్టే. దానికి తోడు సమాన అవకాశాల విభాగానికి కన్వీనర్ని. ఏ కులం, ఏ మతం, ఏ ఊరి పిల్లలైనా కాలేజీలో సాటివాళ్లతో సమానంగా ఉండేలా చూడటం ఆ విభాగం పని అని ఫైలు మొదటి పేజీలో ఉంటుంది. ఆ పేజీ రాసింది నేనే. నన్నే ఎందుకు కన్వీనర్ని చేశారంటే, స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ విభాగం పేరు చదవగానే అందరి తలలూ నా వైపు తిరిగాయి. క్రికెట్ ఆడేవాడికి స్పోర్ట్స్ ఇచ్చారు, పాట పాడే ఆమెకు కల్చరల్ ఇచ్చారు, పేరు అబ్రహాం కాబట్టి నాకు ఇది ఇచ్చారు. వద్దనడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఇప్పుడు నా విభాగం చూసుకోవాల్సిన ఒకే ఒక్క చెంచు పిల్ల డిటెయిన్ జాబితాలో ఉంది. అంతకన్నా దరిద్రం ఏమిటంటే, అలా పడటానికి కారణం నా విభాగమే.

ఈ ఏడు మా కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోంది. వాళ్ల కోసం జూన్ నుంచి వారానికో కార్యక్రమం. కార్యక్రమం జరిగినట్టు ఫోటో ఉండాలి. ఫోటో అంటే మామూలు ఫోటో కాదు, జీపీఎస్ ఫోటో. సెల్‌ఫోన్‌తో తీయగానే కింద నల్లపట్టీలో ఊరు, జిల్లా, తేదీ, నిమిషాలతో సహా టైము పడుతుంది. మనిషి చెప్తే ఎవరూ నమ్మరు, ఆ పట్టీ చెప్తే నమ్ముతారు. ఆ ఫోటోలన్నిటిలో ఈదమ్మ ఉండేది. మొక్కలు నాటితే ఈదమ్మ చేతిలో మొక్క. రక్తపరీక్షల శిబిరమైతే చెయ్యి చాపిన ఈదమ్మ. మతసామరస్యం ర్యాలీకి బ్యానర్ ఎడమ కొస పట్టుకున్న ఈదమ్మ. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడంటే బొకే పట్టుకుని గంటన్నర ఎండలో ఈదమ్మ. ఆదివాసీ దినానికి నాటకాల సామాను అద్దెకిచ్చే దుకాణం నుంచి ఒక విల్లు తెప్పించాం, బంగారు రంగు కాగితం చుట్టింది. అది చేతిలో పెడితే ఆ పిల్ల ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "మా తాత చూస్తే నవ్వుతడు సార్," అంది. నవ్వితే నవ్వనీలే, నిలబడు అన్నాను. ఆ తర్వాత ఆ విల్లు వెనక్కి పోలేదు. స్టాఫ్‌రూములో బీరువా మీద ఉండిపోయింది, ఎప్పుడు ఎవరొస్తారో తెలియదు కదా.

మిగతా పిల్లలు మారుతూ ఉండేవాళ్లు. ఈదమ్మ మాత్రం మారడానికి లేదు, ఇంకో ఈదమ్మ లేదు కాబట్టి.

ఎన్‌సీసీ పిల్లలకూ ఆటల పిల్లలకూ ఆన్ డ్యూటీ పుస్తకం అని ఒకటి ఉంటుంది. కార్యక్రమం అయిన మూడు రోజుల్లో కన్వీనర్ అందులో పేర్లు రాసి సంతకం పెడితే, పోయిన క్లాసులకు హాజరు పడుతుంది. లేకపోతే పడదు. ఇప్పుడు హాజరంతా సెల్‌ఫోన్‌లోనే, పంతులు ఫోను పట్టుకుని తిరిగితే ముఖం చూపించాలి. ముఖం క్లాసులో లేకపోతే మనిషి కాలేజీలో లేనట్టే. మా విభాగానికి ఆన్ డ్యూటీ పుస్తకం లేదు. అడిగితే ఇచ్చేవాళ్లు. నేను అడగలేదు.

ఆగస్టులో ఒకసారి ఈదమ్మ అడిగింది. డాన్సు ప్రాక్టీసని వరసగా పది రోజులు క్లాసులకు పంపకుండా ఆపినప్పుడు, మెట్ల దగ్గర ఆగి, "సార్, మా అటెండెన్స్?" అంది.

"నేను చూసుకుంట పో," అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. నోట్లో పాన్ ఉన్నవాడు పక్కకు తిరిగి ఉమ్మినట్టు వచ్చింది.

బాలకృష్ణ టీ గ్లాసు పట్టుకుని వెళ్లిపోయాక ఈదమ్మను పిలిపించాను. బ్యాగు ముందుకు వేసుకుని స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడింది. సన్నగా, చిన్నగా ఉంటుంది. మాట్లాడేటప్పుడు కళ్లలోకి చూస్తుంది, మా పిల్లల్లో చాలామందికి లేని అలవాటు అది.

"జాబితా చూసినవా?"

"శుక్రవారమే చూసిన సార్."

ఆ రోజు సోమవారం. "మరి నా దగ్గరికి రావాలె కదమ్మా!" అని కసిరాను. తప్పు మనదైనప్పుడే గొంతు ముందు లేస్తుంది.

"మీరు చూసుకుంట అన్నరు కద సార్. చూస్తున్నరేమో అనుకున్న."

ఎత్తిపొడుపు ఏమీ లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది, కోపం తెచ్చుకునే వీలు ఉండేది.

ప్రిన్సిపాల్ శివశంకర్ గారి దగ్గరికి వెళ్లాను. చెడ్డవాడు కాడు. రెండేళ్లలో రిటైరవుతాడు, బీపీ ఉంది, కమిటీ పేరు వింటే ఇంకాస్త పెరుగుతుంది. టేబుల్ మీద ఫైళ్ల మధ్య మాత్రలు పెట్టుకుని ఉన్నాడు.

"ఆన్ డ్యూటీ రాయలేదా? ఒక్కటి కూడా?" అన్నాడు.

"లేదు సార్."

"జర సోయి ఉండాలె కద అబ్రహాం సార్." కళ్లద్దాలు తీసి కళ్లు రుద్దుకున్నాడు. "సరే, అయిందేదో అయింది. పరేషాన్ కాకు. యాభై దాటింది కాబట్టి దవాఖాన కాయితం పెడితే నడుస్తది. కామెర్లయినయి, నలభై దినాలు మంచంల ఉన్నదని రాయిద్దాం. డాక్టరు మనోడే. శనివారం లోపల యూనివర్సిటీకి పోవాలె."

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంత సులువా అనుకుని, దరఖాస్తు ఫారం తీసుకుని, బాటనీ ల్యాబు బయట ఈదమ్మను పట్టుకున్నాను. సంతకం పెట్టమ్మా, మిగతాది నేను నింపుతా అన్నాను. ఆ పిల్ల ఫారం మొత్తం చదివింది. మా పిల్లలు ఎవరూ ఫారం చదవరు, ఎక్కడ పెట్టాలి సార్ అని అడుగుతారంతే.

"నాకు కామెర్లు కాలేదు సార్."

"కాలేదు, నాకు తెల్వదా? ఊకె రాసుడే. అందరు రాస్తరు."

"నేను రోజూ వచ్చిన సార్ కాలేజీకి. తొమ్మిది దినాలు ఇంటికి పోయిన, అంతే. మిగిలినయన్నీ ఈన్నే ఉన్న." ఫారం నా చేతికి తిరిగి ఇచ్చింది. "చెంచోళ్లు చదువుకు రారు, నాలుగు దినాలు వచ్చి అడివికి ఉరుకుతరు అంటరు సార్. మా బడి సారు గట్లనే అనేటోడు. హాస్టల్ల గిట్లనే అంటరు. ఈ కాయితం పెడితే నేను కూడ రానట్టే రాస్తరు. నేను వచ్చిన సార్. వచ్చినట్టు రాయండి."

"పరీక్ష ముఖ్యమా, కాయితం ముఖ్యమా?"

"రెండూ సార్."

"గట్ల మొండిగ ఉంటే ఏడాది పోతది ఈదమ్మా."

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడాది పోతే ఏమవుతుందో నాకన్నా తనకే బాగా తెలుసు. ఒకసారి బొకే పట్టుకుని నిలబడి ఎవరికోసమో ఎదురుచూస్తున్నప్పుడు నాకు చెప్పింది, ఫారెస్టు డిపార్ట్‌మెంటులో ఆఫీసరు ఉద్యోగానికి సైన్సు డిగ్రీ కావాలని. వాళ్ల తాత తేనెకు పోతే పులుల రిజర్వు అని ఆపి, రేంజి ఆఫీసు బయట పొద్దంతా కింద కూర్చోబెట్టారట. లోపల కుర్చీలో ఉన్న సారును కిటికీలోంచి చూసిందట, ఎనిమిదేళ్లప్పుడు. ఆ కుర్చీ కావాలి ఈదమ్మకు. అయినా ఫారం మీద సంతకం పెట్టలేదు. కళ్లు తుడుచుకుని ల్యాబులోకి వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండింది. మొదట ఆ పిల్ల మీద, తర్వాత నా మీద. ఒక అబద్ధపు కాగితంతో పోయేదాన్ని ఇంత చేస్తుందేమిటి అనుకుంటూ స్టాఫ్‌రూముకు వచ్చి కూర్చున్నాను. బీరువా మీద నుంచి ఆ బంగారు విల్లు నన్నే చూస్తోంది.

మా ఊరు అమరచింతకు దగ్గర. నా చిన్నప్పుడు ఏడాదికి రెండుమూడు సార్లు ఆఫీసర్లు జీపులో వచ్చి సహపంక్తి భోజనం పెట్టించేవాళ్లు, అంటరానితనం లేదని చూపించడానికి. పెద్ద ఆఫీసరు పక్కన కూర్చోవడానికి మా వాడ నుంచి ఒకరు కావాలి. కడిగితే శుభ్రంగా కనపడే పిల్లవాణ్ని కాబట్టి ఎప్పుడూ నేనే. మా అమ్మ దేవమ్మ తలకు నూనె పెట్టి, ఉన్న ఒక్క మంచి అంగీ తొడిగి పంపేది. ఏడో తరగతిలోపల ఎంతమంది ఆఫీసర్ల పక్కన అన్నం తిన్నానో లెక్కలేదు. జీపు పోయాక అదే బజారులో మాకు టీ వేరే గ్లాసులోనే పోసేవాళ్లు. అది కాదు నాకు ఇప్పటికీ గుచ్చుకునేది. భోజనం ఉన్న రోజు పొద్దున్నుంచే నన్ను బడిలోంచి లేపి తీసుకుపోయేవాళ్లు. భిన్నాలు ఆ రోజుల్లోనే చెప్పారట. మూడోవంతూ నాలుగోవంతూ కలిపితే ఎంతో నాకు ఇప్పటికీ రాదు. నా కొడుకు లెక్కల పుస్తకం పట్టుకుని వస్తే అమ్మ దగ్గరికి పో అనేవాణ్ని.

అంత తెలిసినవాణ్ని, యాభై ఏళ్లకు దగ్గరపడ్డవాణ్ని, అదే పని ఇంకో పిల్లకు చేశాను. పైగా నూనె ఖర్చు కూడా పెట్టలేదు.

ఫైలు కిందికి దించాను. మూడు కిలోల ఫైలు. ఒక్కో ఫోటో తీసి, కింద నల్లపట్టీలో తేదీ, టైము చూసి కాగితం మీద రాసుకున్నాను. జూలై పదకొండు, పది గంటల నలభై నిమిషాలు, ఈదమ్మ ఉంది. జూలై పద్దెనిమిది, పదకొండు ఐదు, ఉంది. ఆగస్టులో డాన్సు ప్రాక్టీసు పది రోజులూ ఉంది. ఒక ఫోటోలో వెనకాల కిటికీలోంచి వాళ్ల బాటనీ క్లాసు కూడా పడింది, సుహాసిని మేడం బోర్డు మీద ఏదో రాస్తోంది, పిల్లలు రాసుకుంటున్నారు. ముందు ఈదమ్మ విల్లు పట్టుకుని నవ్వుతోంది. నవ్వమ్మా అని నేనే అన్నాను. మొత్తం ముప్పై నాలుగు రోజులు. సెమిస్టరు తొంభై రోజులు. ఈ ముప్పై నాలుగూ కలిపితే తొంభై శాతం. క్లాసులో మొదటి వరస పిల్లల్లో ఉండేది.

రెండో రోజు ఫోటోలన్నిటికీ రంగు ప్రింట్లు తీయించాను. బాలకృష్ణ ఒక్కొక్కటే మిషన్లో పెడుతూ, "చేతులు కాలినంక ఆకులు పడుతున్నరు సార్," అన్నాడు.

"కాలింది నా చేతులు కాదు," అన్నాను.

దానికి పైన ఒక ఉత్తరం రాశాను. ఈ ముప్పై నాలుగు రోజులు ఈదమ్మ కాలేజీలోనే ఉన్నదనీ, క్లాసుల్లోంచి తీసుకుపోయింది నేననీ, ఆన్ డ్యూటీ రాయకపోవడం నా తప్పనీ, హాజరు వేయాలనీ. రెండు కాపీలు తీసి, ఒకటి జేబులో పెట్టుకున్నాను. పద్దెనిమిదేళ్ల కాంట్రాక్టు మనిషికి కాపీ జేబులో పెట్టుకోవడం దేవుణ్ని తలచుకోవడం లాంటిది.

ప్రిన్సిపాల్ ఉత్తరం చదివి టేబుల్ మీద బోర్లా పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "ముప్పై నాలుగు దినాలు ఒక్క పిల్లను క్లాసులకెళ్లి లేపినమని మనమే రాసిస్తున్నమా?"

"జరిగింది అదే సార్."

"జరిగింది అదే. నాకు తెల్వదా? ఎల్లుండి కమిటీ. ఈ కాయితం ఆఫీసుల ఎవరన్న చూస్తే మన ఫైలు మననే తింటది." మాత్ర ఒకటి వేసుకుని నీళ్లు తాగాడు. "నేను సంతకం పెట్టనంటలేను. కమిటీ గురువారం వచ్చి పోనియ్యి. శుక్రవారం పొద్దుగాల పెడత. ఒక్కటి. ఆ పిల్ల గురువారం గేటు కాడ ఉండాలె. విల్లు పట్టుకొని, స్వాగతం చెప్పాలె. ఇన్ని ఫోటోలల్ల ఉన్న పిల్ల ఆ దినం లేకపోతే ఏమనుకుంటరు?"

చేయలేను సార్ అనాలి. అనలేదు. వేసవిలో నా కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టేది కూడా ఆయనే. "సరే సార్, నేను చూసుకుంట," అన్నాను.

సాయంత్రం హాస్టల్ బస్సు ఎక్కబోతున్న ఈదమ్మను ఆపి చెప్పాను. ఉత్తరం సంగతి వినగానే ఆ పిల్ల ముఖం విప్పారింది. రెండో సంగతి చెప్పేసరికి మళ్లీ ముడుచుకుంది.

"గురువారం మాకు రివిజన్ క్లాసులు సార్. సుహాసిని మేడం మొత్తం సిలబస్ చెప్తది. నాకు పోయిన పాఠాలన్నీ ఉంటయి అండ్ల."

"ఒక్క దినమే కదమ్మా."

"ముప్పై నాలుగు దినాలు గట్లనే అయినయి సార్. ఒక్కొక్క దినమే అయినయి."

బస్సు హారన్ కొట్టింది. వస్తానని చెప్పలేదు, రానని చెప్పలేదు, ఎక్కి వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. అలసట అంటే ఒళ్లు నొప్పులని అనుకునేవాణ్ని. కాదు, ఎదుటి మనిషి చెప్పింది నిజమని తెలిసి కూడా వేరే మాట చెప్పాల్సి రావడం.

గురువారం గేటు దగ్గర ఈదమ్మ లేదు. తేజస్విని అని ఇంకో పిల్ల పళ్లెం పట్టుకుంది. కమిటీ వాళ్లు ముగ్గురు, నడివయసు మగవాళ్లిద్దరూ, తల పూర్తిగా నెరిసిన ఒక తమిళావిడ. ప్రిన్సిపాల్ నా వైపు ఒక చూపు చూసి, ముఖం నిండా నవ్వు పెట్టుకుని వాళ్లను లోపలికి తీసుకెళ్లాడు.

పదకొండు గంటలకు నా ఫైలు వంతు వచ్చింది. తమిళావిడ కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి ఒక్కో ఫోటో చూసింది. మగవాళ్లిద్దరూ సమోసాల దగ్గర ఉన్నారు. సగం ఫైలు తిరగేశాక వేలు పెట్టి ఆగింది.

"ఈ అమ్మాయి అన్నిట్లో ఉందే!" అంది ఇంగ్లీషులో. "ఎవరు? చూడొచ్చా?"

ప్రిన్సిపాల్ ముఖం వెలిగిపోయింది. చెంచుల పిల్ల అనీ, మొదటి తరం అనీ, మా విభాగం ఆ పిల్లను ఎలా ముందుకు తెచ్చిందో అనీ గబగబా చెప్పి, నా వైపు తిరిగి, "అబ్రహాం సార్, పిలుచుకొని రాండి. అది కూడ తేండి," అన్నాడు. అది అంటే విల్లు.

విల్లు తేలేదు కానీ వెళ్లాను. బాటనీ క్లాసు రెండో అంతస్తులో, చివర. మోకాళ్లు నొప్పి. మెట్లెక్కుతూ ఏమని చెప్పాలా అని ఆలోచించాను. ఐదు నిమిషాలే, నవ్వి నమస్తే పెట్టి వచ్చేయి, రేపు సంతకం అయిపోతుంది. తప్పేముంది? నిజంగానే ఐదు నిమిషాలే. ఆ పిల్ల మంచికే.

క్లాసు గుమ్మంలో నిలబడ్డాను. సుహాసిని మేడం బోర్డు మీద ఆకు బొమ్మ వేసి ఈనెలు చూపిస్తోంది. ఈదమ్మ రెండో బెంచీలో, గోడ వైపు, తల వంచుకుని గీస్తోంది. నేను ఒక్క మాట కూడా అనలేదు. నా నీడ లోపల పడింది, అంతే. ఈదమ్మ తల ఎత్తి నన్ను చూసి పెన్ను మూత పెట్టింది. పుస్తకం మూసి బ్యాగులో పెట్టుకుని లేచి నిలబడింది. పక్కన కూర్చున్న పిల్ల బోర్డు మీంచి చూపు తిప్పకుండానే మోకాళ్లు పక్కకు జరిపి దారి ఇచ్చింది. సుహాసిని మేడం కూడా ఎందుకని అడగలేదు, చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి దించి పక్కకు జరిగి నిలబడింది, ఈ పిల్ల బయటికి పోయాక మళ్లీ మొదలుపెడదామని. క్లాసంతటికీ ప్రాక్టీసు అయిపోయింది. ముప్పై నాలుగు రోజుల్లో నేను నేర్పింది ఇదే.

అంతమంది ముందు ఏడుస్తానేమోనని భయం వేసింది.

"కూసో బిడ్డా," అన్నాను.

ఈదమ్మ నిలబడే ఉంది, నమ్మలేనట్టు.

"నువ్వు రావలసిన పనిలేదు. కూసో. రాసుకో."

కూర్చుంది. కానీ పుస్తకం తీయలేదు. నేను పక్కకు తప్పుకుని వరండాలో కిటికీ చాటున నిలబడి చూశాను. చాలాసేపటికి బ్యాగులో చెయ్యి పెట్టి పుస్తకం తీసి, పేజీ వెతుక్కుని, సగంలో ఆపిన ఆకును మళ్లీ గీయడం మొదలుపెట్టింది. అప్పుడు మెట్లు దిగాను.

"ఏది?" అన్నాడు ప్రిన్సిపాల్ తలుపు వైపు చూస్తూ.

"క్లాసులో ఉంది సార్."

"ఉంటే పిలుచుకొని రమ్మన్న కద."

"క్లాసుకు పోనియ్యక పోనియ్యక డిటెయిన్ అయింది సార్ ఆ పిల్ల. ఇంక లేపలేను," అని, జేబులోంచి కాపీ తీసి తమిళావిడ ముందు పెట్టాను. నాకు ఇంగ్లీషు బాగా రాదు. వచ్చినంతలో చెప్పాను. ఈ ఫోటోలు తీసిన రోజులన్నీ ఆ పిల్లకు ఆబ్సెంటు పడ్డాయి మేడం, తప్పు నాది, సరిచేయమని రాసిన ఉత్తరం ఇది.

ఆవిడ ఉత్తరం చదివింది. ఫైలులో ఫోటోల తేదీలు రెండుమూడు సరిచూసింది. మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. ప్రిన్సిపాల్ వైపు తిరిగి, "ఇది పరిష్కారమైపోయిందా?" అని అడిగింది.

"అయిపోయింది మేడం, అయిపోయింది. ఈరోజే."

"సంతకం కనిపించడం లేదు."

శివశంకర్ గారు నా జేబులోంచే పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు. పెన్ను తిరిగి ఇవ్వలేదు. ఆవిడ తన నోటుపుస్తకంలో ఏదో రాసుకుని పేజీ తిప్పింది. తర్వాత లైబ్రరీ చూడటానికి వెళ్లారు.

గ్రేడు మేం ఆశించిన దానికన్నా ఒక మెట్టు కింద వచ్చింది. అది నా వల్లే అని కొందరు, లైబ్రరీలో చెదల వల్ల అని కొందరు. ప్రిన్సిపాల్ నాతో మాట్లాడటం మానేశాడు. కన్వీనర్ పని కామర్స్ శ్రవణ్ కుమార్‌కు ఇచ్చారు, అతను విల్లు ఎక్కడుందని అడిగితే బీరువా మీద అని చూపించాను. నా కాంట్రాక్టు సంగతి మే నెలలో తెలుస్తుంది. పద్దెనిమిదేళ్లుగా ప్రతి మే నెలలోనూ తెలుస్తూనే ఉంది.

హాల్ టికెట్లు ఇచ్చే రోజు ఈదమ్మ స్టాఫ్‌రూముకు వచ్చింది. కాగితం రెండు చేతులతో పట్టుకుని చూపించింది. ఫోటోలో నవ్వలేదు. అది నేను తీసిన ఫోటో కాదు.

"మంచిగ రాయి బిడ్డా," అన్నాను.

"రాస్త సార్." వెళ్లబోయి ఆగింది. "సార్, వచ్చే ఏడు మా మామ బిడ్డ వస్తది ఈడికి. నవ్య. ఇంటర్ అయిపోతది దానికి. మా పెంట నుంచి నా తర్వాత అదే."

"రానియ్యి, రానియ్యి. నేను చూసుకుం..."

"వద్దు సార్." ఆ పిల్ల నా కళ్లలోకి చూసి అంది. కోపం లేదు, బతిమాలడమూ లేదు. "దాన్ని మీరు చూసుకోకండి. ఊకె క్లాసుల కూసోనియ్యండి."

సరేనన్నాను. హాల్ టికెట్ మడత పడకుండా పుస్తకం మధ్యలో పెట్టుకుని, బస్సుకు టైమైందని వెళ్లిపోయింది.